మానడం

షెఫీల్డ్‌లో పొద్దున్న ఆరున్నర ట్రామ్‌లో
కొండ దిగేది ముగ్గురమే.
రాత్రి డ్యూటీ ముగించి కిటికీకి తల ఆన్చిన నర్సు,
నేను,
ఒళ్ళో పాత పేపర్లో చుట్టిన రూబార్బ్ కాడలతో
కూతురి టీకొట్టుకి బయల్దేరిన క్లైవ్ ఒలరెన్‌షా.

నాకూ నాలుగు కాడలిచ్చాడోసారి.
పప్పులో వేశాను.
గోంగూరకి దూరపు చుట్టం, ఆ పులుపు.

మార్చిలో అన్నాడు, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు:
"పన్నెండు సూదులు గుచ్చారు.
కందిరీగల గూటి మీద కూర్చున్నట్టుంది."
నేనెక్కడ పనిచేస్తానో ఆయనకి తెలుసు.
ఏం పని చేస్తానో అడగలేదు.

నా పని కోయడం.
మైనంలో పాతిన సూదంత కండని
మంచు మీద చల్లార్చి, నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాను.
దాని ముందు ఉల్లిపొర దుప్పటి.
గోరువెచ్చని నీళ్ళ మీద తేలుతుంది, ముడత పడకుండా
ఊపిరి బిగబట్టి గాజుపలక మీదికి ఎత్తుకుంటాను.
పలక మీద పేరుండదు. అంకెలు, వయసు.
అరవై ఎనిమిది.
ఈ ఊళ్ళో అరవై ఎనిమిదేళ్ళ మగవాళ్ళు వేలమంది
అని నాకు నేనే చెప్పుకున్నాను, రెండుసార్లు.

రంగు వేస్తే
కేంద్రకాలు నీలం,
మాక్రోఫేజ్‌లు గోధుమరంగు.
ఒంటికి కావలీ అవే, ఊడ్చేదీ అవే.
చచ్చినదాన్నీ చొరబడినదాన్నీ మింగేయాల్సినవి
కణితి చుట్టూ గుమిగూడాయి
వంటింటి గుమ్మంలో చుట్టాల్లా.
మింగడం లేదు.
దానికి కొత్త నెత్తుటి దారులు వేస్తున్నాయి.
తిండి అందిస్తున్నాయి.
దాని పని పట్టడానికి వచ్చిన టి-కణాల్ని
పొలిమేరలోనే ఆపి, నోరు నొక్కి, జోకొడుతున్నాయి.

కంచే చేను మేసింది, అన్నాను డాక్టర్ బ్రామల్‌తో
నాకొచ్చిన ఇంగ్లిష్‌లో.
ఆవిడకి నచ్చింది, పసుపు కాగితం మీద రాసి గోడకి అంటించింది.
రెండేళ్ళు అక్కడే ఉంది ఆ సామెత.

మొన్న చుక్కలు లెక్కపెడుతుంటే,
నూట పదిహేడు, నూట పద్దెనిమిది,
ఆ కాగితం పీకెయ్యాలనిపించింది.
ఇవి మేయలేదు.
పుండనుకున్నాయి.
కణితి వీటితో గాయం భాషలో మాట్లాడింది:
ఇక్కడ తెగింది, ఇక్కడ మంట, త్వరగా రండి.
వచ్చాయి.
ఈ మనిషికి ఆరేళ్ళప్పుడు
మోకాలు చీరుకుపోయిన రోజున ఎలా వచ్చాయో అలాగే.
దారి వెయ్యి, పోగు అల్లు, అరుపులు తగ్గించు,
కొత్త కణానికి చోటివ్వు.
తెలిసిన పనే చేశాయి.
పుండు మానలేదు, అది పుండు కాదు కనక.
ఇవీ మానలేదు.
మాన్పడం తెలుసు వీటికి.
మానడం తెలీదు.

ద్రోహి అనే మాటలో ఎంత సుఖముందో!
వేలు చూపించి ఇంటికి పోవచ్చు.
డాక్టర్ బ్రామల్ ఇప్పుడు వీటిని చంపే మందు వెతకడం లేదు,
గుర్తు చేసే మందు వెతుకుతోంది.
దొరుకుతుందో లేదో నాకు తెలీదు.
ఆవిడకీ తెలీదు.

మంగళవారం మళ్ళీ క్లైవ్.
ఉత్తరం వచ్చిందట. జేబులోనే ఉంది, తీయలేదు.
రూబార్బ్ గురించే మాట్లాడాడు:
మొక్క మీద బక్కెట్ బోర్లిస్తే ఆ చీకట్లో
వెలుతురు కాస్త పైనే ఉందనుకుని
గబగబా పొడుగవుతుందట, లేతగా, తియ్యగా.
"మోసమే అనుకో," అన్నాడు.

తర్వాత బొటనవేలు చూపించాడు.
చలికాలంలో పార తగిలి ఎముక దాకా తెగిందట.
ఆసుపత్రికి పోలేదు, ఒక్క కుట్టు వేయించుకోలేదు.
ఇప్పుడక్కడ గులాబీరంగు గీత, అంతే.
ఆ చేతిని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాను.
బాగా కుట్టాయి, అన్నాను.

ఏవని ఆయన అడగలేదు.
నా స్టాపు వచ్చింది.